తపోవనం నుంచి ప్రయోగశాలకు

సత్యాన్వేషణకు మార్గాలు అనేకం. కొందరు అంతర్ముఖులై మనసును పరీక్షించి సత్యాన్ని దర్శించగోరుతారు. మరికొందరు బాహ్యప్రపంచాన్ని కొలిచి, తూచి, ప్రయోగాలతో నిగ్గుతేల్చి సత్యాన్ని గ్రహిస్తారు. ఈ రెండు మార్గాలూ ఒకే జీవితంలో కలవడం అరుదు. హిమాలయాలలో యోగసాధన చేసి, ఐరోపా ప్రయోగశాలలలో పరమాణు రహస్యాలను శోధించి, తెలుగునేలపై కేంద్రక భౌతికశాస్త్ర పరిశోధనకు పునాది వేసిన స్వామి జ్ఞానానంద అట్టి అరుదైన వ్యక్తులలో అగ్రగణ్యులు.

నేడు సంగారెడ్డి సమీపంలోని కందిలో ఉన్న భారతీయ సాంకేతిక విజ్ఞాన సంస్థలో కణభౌతికశాస్త్రంపై పరిశోధన చేసే విద్యార్థులు ఉన్నారు. 2008లో ఎద్దుమైలారంలోని తాత్కాలిక ఆవరణలో ప్రారంభమైన ఈ సంస్థ 2015 నాటికి కందికి తరలింది. జపాన్‌లోని సుకుబా నగరంలో జరుగుతున్న బెల్ - 2 అనే మహాప్రయోగంలో ఈ సంస్థ భాగస్వామి. అనేక దేశాలకు చెందిన వెయ్యిమందికి పైగా శాస్త్రజ్ఞులు పాల్గొంటున్న ప్రయోగమది. ఇట్టి ప్రయోగాలలో పనిచేసే పరిశోధక విద్యార్థి తాను సాధించిన ఫలితాలను అంతర్జాతీయ సదస్సులో సమర్పించవలసి ఉంటుంది. అక్కడ వయసు గాని, వంశం గాని, పూర్వ ప్రతిష్ఠ గాని ఫలితానికి బలం చేకూర్చవు. కొలత సరైనదేనా, పొరపాటుకు ఎంత అవకాశం ఉంది, మరొకరు కొలిచినా ఇదే విలువ వస్తుందా అన్నవే అక్కడ వేసే ప్రశ్నలు. ఈ పరీక్షకు తలవంచడమే పరిశోధకుని మొదటి దీక్ష. గురువుగా గౌరవం పొందిన దశలో ఆ గౌరవాన్ని పక్కనపెట్టి, విద్యార్థిగా ఈ దీక్షను స్వీకరించడం జ్ఞానానంద జీవితంలోని ప్రధాన ఘట్టం.

ఆయన పూర్వాశ్రమ నామం భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరం సమీపాన ఉన్న గొరగనమూడి గ్రామంలో 1896 డిసెంబరు 5న జన్మించారు. తండ్రి రామరాజు వైదిక వాఙ్మయంపై మక్కువ గలవారు. ఆయన సేకరించిన గ్రంథాలు ఇంటి నిండా ఉండేవి. బాలుడైన లక్ష్మీనరసింహరాజుకు ఆ గ్రంథాలే తొలి నేస్తాలయ్యాయి. నరసాపురంలోని టేలర్ ఉన్నత పాఠశాలలో ఆయన విద్యాభ్యాసం సాగింది. పచ్చని వరిచేలు, నిండుగా పారే కాలువలు, కలిగిన కుటుంబం - ఇన్ని ఉన్నా ఆయన మనసు లౌకిక సుఖాలపై నిలువలేదు. జీవిత పరమార్థం ఏమిటన్న ప్రశ్న ఆయనను వెంటాడింది. ఇరవై ఏళ్ల ప్రాయంలో ఇల్లు విడిచి ఉత్తరాపథానికి పయనమయ్యారు.

సుమారు పదేళ్లపాటు ఆయన జీవితం హిమాలయ ప్రాంతాలలో గడిచింది. యోగాన్ని అభ్యసించారు. దేహాన్ని, మనసును నియమంలో ఉంచుకోవడం నేర్చారు. లక్ష్మీనరసింహరాజు జ్ఞానానంద అయ్యారు. తన సాధనలో గ్రహించిన విషయాలను పూర్ణసూత్రములు అనే గ్రంథంగా రచించారు. ఆనాటికి ఆయన వయసు ముప్పైకి చేరువలో ఉంది. ఆశ్రమం స్థాపించి, శిష్యులకు ఉపదేశం చేస్తూ శేషజీవితం గడపడానికి కావలసిన అర్హతలన్నీ ఆయనకు సమకూరాయి. కాని ఆయన జీవితం మరొక మలుపు తిరిగింది.

1920ల చివరలో ఆయన జర్మనీ చేరుకున్నారు. డ్రెస్డెన్ నగరంలో యోగశాస్త్రంపై ఉపన్యాసాలు ఇచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిపోయి, ఆర్థికంగా చితికిపోయిన జర్మనీ ప్రజలలో కొందరు ఆనాడు భారతీయ తత్త్వచింతన వైపు ఆసక్తితో చూస్తున్నారు. కనుక ఆయనకు శ్రోతల కొరత లేదు. అయితే అదే దేశంలో అదే కాలంలో భౌతికశాస్త్రం కూడా కొత్త పుంతలు తొక్కుతున్నది. కాలం, స్థలం అన్న భావనలనే ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం మార్చివేసింది. 1925, 1926 సంవత్సరాలలో హైజెన్‌బర్గ్, ష్రోడింగర్ వంటివారి కృషితో క్వాంటం యాంత్రికశాస్త్రం రూపుదిద్దుకొన్నది. పదార్థం అంటే ఏమిటి, అది దేనితో నిర్మితమైంది అన్న ప్రశ్నలకు తత్త్వవేత్తలు తర్కంతో సమాధానాలు వెదికితే, వీరు గణితంతో, ప్రయోగంతో వెదుకుతున్నారు.

జ్ఞానానందను ఈ కొత్త శాస్త్రం ఆకర్షించింది. దానిని పైపైన తెలుసుకొని, తన ఉపన్యాసాలలో అలంకారంగా వాడుకొని ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. ఆయన ఆ సులభమార్గాన్ని ఎంచుకోలేదు. ఉన్నత గణితాన్ని, భౌతికశాస్త్రాన్ని క్రమపద్ధతిలో నేర్వనిదే ఆ శాస్త్రం గురించి మాట్లాడే అర్హత రాదని గ్రహించారు. ముప్పై ఏళ్లు దాటిన వయసులో, పరాయి భాషలో, తనకంటే ఎంతో చిన్నవారు చదివే పాఠాలను మొదటి నుంచి అభ్యసించారు. వేదికపై కూర్చున్న గురువు దిగివచ్చి బల్లపై కూర్చున్న విద్యార్థి కావడం సామాన్య విషయం కాదు. అహంకారాన్ని జయించాలని యోగం బోధిస్తుంది. ఆ బోధను ఆయన ఆచరణలో చూపారు.

అనంతరం ఆయన చెకోస్లొవేకియా రాజధాని ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా చేరారు. అక్కడ ఆయనకు మార్గదర్శి ఆచార్య వాత్స్లావ్ డొలెయ్‌షెక్. ఆ ఆచార్యులు 1895లో జన్మించారు. అంటే గురువు కంటే శిష్యుడు రెండేళ్ల లోపే చిన్న. డొలెయ్‌షెక్ ఎక్స్ కిరణాల వర్ణపట పరిశోధనలో ప్రసిద్ధులు. ప్రతి మూలకానికీ దానికే చెందిన ఎక్స్ కిరణాల రేఖలు ఉంటాయి. మనిషిని వేలిముద్రతో గుర్తించినట్లు మూలకాన్ని ఆ రేఖలతో గుర్తించవచ్చు. ఆ రేఖల స్థానాలను స్ఫటికాల సాయంతో అత్యంత కచ్చితంగా కొలవడం జ్ఞానానంద చేపట్టిన పని. ఒక ఛాయాచిత్ర ఫలకంపై సన్నని గీతను నమోదు చేయడానికి ఎంతో ఓర్పు కావాలి. ఉష్ణోగ్రతలో కొద్దిపాటి మార్పు వచ్చినా, పరికరం వెంట్రుకవాసి కదిలినా శ్రమ వృథా అవుతుంది. ఏళ్ల తరబడి ఏకాగ్రతను సాధన చేసిన యోగికి ఈ పని పూర్తిగా కొత్తది కాదు. ఆ కృషి ఫలితంగా ప్రాగ్ విశ్వవిద్యాలయం నుంచి ఆయన డాక్టరేట్ పట్టా పొందారు.

అక్కడితో ఆయన జిజ్ఞాస తీరలేదు. ఎక్స్ కిరణాలు పరమాణువులోని ఎలక్ట్రానుల సమాచారాన్ని అందిస్తాయి. పరమాణువు నడిబొడ్డున ఉండే కేంద్రకం గురించి తెలుసుకోవాలంటే మరొక మార్గం పట్టాలి. అందుకై ఆయన ఇంగ్లండులోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, జేమ్స్ చాడ్విక్ వద్ద చేరారు. చాడ్విక్ 1932లో న్యూట్రాన్‌ను కనుగొన్నారు. 1935లో నోబెల్ బహుమతి అందుకొన్నారు. అదే ఏడాది లివర్‌పూల్‌కు ఆచార్యులుగా వచ్చి, అక్కడ కేంద్రక పరిశోధనను నెలకొల్పారు. అట్టి మహనీయుని పర్యవేక్షణలో జ్ఞానానంద బీటా కిరణాల వర్ణపటంపై పరిశోధన సాగించారు.

బీటా కిరణాలంటే రేడియోధార్మిక పదార్థాల కేంద్రకాల నుంచి వెలువడే ఎలక్ట్రానులు. వాటి వెనుక ఆనాడు ఒక పెద్ద చిక్కుముడి ఉండేది. ఒక రకం కేంద్రకం మరొక రకంగా మారేటప్పుడు విడుదలయ్యే శక్తి ప్రతిసారీ ఒక్కటే. కనుక వెలువడే ఎలక్ట్రానులన్నింటికీ ఒకే శక్తి ఉండాలి. కాని వాటి శక్తులు సున్నా నుంచి ఒక గరిష్ఠ విలువ వరకు ఎడతెగకుండా పరచుకొని ఉంటాయని చాడ్విక్ స్వయంగా 1914లో బెర్లిన్‌లో ఉండగా చూపారు. మరి మిగిలిన శక్తి ఏమైపోతున్నది? శక్తి నిత్యత్వ నియమమే తప్పుతున్నదా అన్న సందేహం నీల్స్ బోర్ వంటి మేధావికి సైతం కలిగింది. కంటికి గాని, అప్పటి పరికరాలకు గాని చిక్కని ఒక తటస్థ కణం ఆ శక్తిని వెంట తీసుకొని పోతున్నదని 1930 డిసెంబరులో వోల్ఫ్‌గాంగ్ పౌలీ ఊహించారు. ఎన్రికో ఫెర్మీ 1933, 1934 సంవత్సరాలలో ఆ ఊహకు గణిత సిద్ధాంతం సమకూర్చారు. ఆ కణమే న్యూట్రినో. ఆ సిద్ధాంతం నిజమో కాదో తేల్చే మార్గాలలో ముఖ్యమైనది బీటా వర్ణపటాన్ని అతి కచ్చితంగా కొలవడం. జ్ఞానానంద అడుగుపెట్టిన రంగం కణభౌతికశాస్త్రంలో ఇంతటి కీలకమైనది.

బీటా కిరణాలను కొలిచే పరికరంలో అయస్కాంత క్షేత్రం ముఖ్యం. క్షేత్రంలో ప్రవేశించిన ఎలక్ట్రాను వంపు తిరుగుతుంది. వేగం తక్కువైతే వంపు ఎక్కువ, వేగం ఎక్కువైతే వంపు తక్కువ. ఏ వంపులో ఎన్ని ఎలక్ట్రానులు వచ్చాయో లెక్కిస్తే వాటి శక్తుల వివరం తెలుస్తుంది. అయితే దారిలో గాలి ఉంటే ఎలక్ట్రానులు గాలి అణువులను ఢీకొని శక్తిని కోల్పోతాయి, దారి తప్పుతాయి. బంగారం తూచే త్రాసుపై దుమ్ము పడితే తూకం చెడినట్లే, పరికరంలో గాలి మిగిలితే కొలత చెడుతుంది. అందువల్ల గాలిని తోడివేసి శూన్యాన్ని కల్పించడం పరిశోధకునికి మొదటి పని. జ్ఞానానంద ఈ విద్యలో నిష్ణాతులయ్యారు. లివర్‌పూల్ విశ్వవిద్యాలయం కూడా ఆయన పరిశోధనకు పిహెచ్.డి. పట్టా ప్రదానం చేసింది.

ఇంతలో ఐరోపాపై యుద్ధమేఘాలు కమ్ముకొన్నాయి. 1939 మార్చిలో జర్మనీ సేనలు ప్రాగ్‌ను ఆక్రమించాయి. ఆ ఏడాది నవంబరులో అక్కడి చెక్ విశ్వవిద్యాలయాలను మూసివేశాయి. జ్ఞానానందకు ఎక్స్ కిరణ విద్య నేర్పిన ఆచార్య డొలెయ్‌షెక్ నాజీల చేతికి చిక్కి, టెరెజిన్ చెరలో 1945 జనవరిలో ప్రాణాలు కోల్పోయారు. విజ్ఞానం వికసించాలంటే స్వేచ్ఛ ఎంత అవసరమో ఆ మరణం చాటిచెప్పింది. యుద్ధకాలంలో జ్ఞానానంద అట్లాంటిక్ మహాసముద్రం దాటి అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చేరి తమ పరిశోధనలు కొనసాగించారు. కణాలను వేగవంతం చేసే సైక్లోట్రాన్ యంత్రం ఆ విశ్వవిద్యాలయంలో 1930లలోనే ఏర్పడి ఉంది. ఆ యంత్రంతో రేడియోధార్మిక పదార్థాలను కృత్రిమంగా తయారు చేయవచ్చు.

ఏళ్ల అనుభవసారాన్ని ఆయన ఒక గ్రంథంగా వెలువరించారు. ఉన్నత శూన్యాల సూత్రాలను, వాటిని కల్పించే విధానాలను, కొలిచే పద్ధతులను వివరించే ఆంగ్ల గ్రంథమది. హై వాక్యువా అన్న పేరుతో 1947లో న్యూయార్క్‌లో ప్రచురితమైంది. శూన్యం అన్న మాట భారతీయ తత్త్వచింతనకు కొత్తది కాదు. కాని ప్రయోగశాలలోని శూన్యం ఎంత దుర్లభమో లెక్కలు చూస్తే అర్థమవుతుంది. సాధారణ వాయుపీడనం 760 మిల్లీమీటర్ల పాదరసానికి సమానం. ఆ స్థితిలో ఒక ఘన సెంటీమీటరు గాలిలో సుమారు 2.7 లక్షల కోట్ల కోట్ల అణువులు ఉంటాయి. గట్టి పంపులతో గాలిని తోడి, పీడనాన్ని మిల్లీమీటరులో పదిలక్షల వంతుకు తగ్గించినా అదే చోట సుమారు 3,500 కోట్ల అణువులు మిగిలే ఉంటాయి. అయినా అప్పటికి అణువుల మధ్య దూరం ఎంతగానో పెరిగి, ఒక అణువు మరొక దానిని తాకకుండా పదుల మీటర్లు ప్రయాణించగలుగుతుంది. పరిశోధకునికి కావలసినది ఆ మాత్రపు నిర్మలమైన దారి.

ఈ విద్య పరిశోధనశాలలకే పరిమితమైనది కాదు. పటాన్‌చెరు పరిసరాలలోని ఔషధ పరిశ్రమలలో వేడికి చెడిపోయే పదార్థాలను తక్కువ ఉష్ణోగ్రతలో ఆరబెట్టడానికి, ద్రావకాలను వేరుచేయడానికి శూన్య పంపులు నిత్యం పనిచేస్తుంటాయి. పీడనం తగ్గితే ద్రవం తక్కువ వేడికే ఆవిరవుతుందన్న సూత్రమే అందుకు ఆధారం. కేవలం జ్ఞానం కోసం సాగిన అన్వేషణలో పదునెక్కిన నైపుణ్యాలు ఇట్లు సామాన్య జీవితానికి సైతం చేరుతాయి.

స్వాతంత్ర్యం సిద్ధించిన 1947లోనే జ్ఞానానంద స్వదేశానికి తిరిగివచ్చారు. విదేశాలలో ఆయన విద్యకు ఆదరణ ఉంది, పరికరాలు ఉన్నాయి, ప్రచురించిన గ్రంథం వల్ల పేరు ఉంది. అవన్నీ వదలుకొని, పరిశోధనా సౌకర్యాలు అప్పుడప్పుడే మొలకెత్తుతున్న దేశానికి రావడం ఆయన చేసిన రెండవ త్యాగం. మొదట ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేశారు. కె.ఎస్. కృష్ణన్ సారథ్యంలో ఆ సంస్థ నిలదొక్కుకొంటున్న రోజులవి.

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటికే భౌతికశాస్త్రంలో మంచి పేరు గడించింది. సూరి భగవంతం వంటి ఉద్దండులు అక్కడ పరిశోధన సాగించారు. అయితే కేంద్రక భౌతికశాస్త్రానికి ప్రత్యేకమైన వసతి లేదు. వాసిరెడ్డి శ్రీకృష్ణ ఉపాధ్యక్షులుగా ఉన్న కాలంలో, 1954లో జ్ఞానానంద ఆ విశ్వవిద్యాలయానికి వచ్చారు. అప్పటికి ఆయన వయసు యాభై ఎనిమిదికి చేరువలో ఉంది. సాధారణంగా ఉద్యోగులు విశ్రాంతికి సిద్ధమయ్యే వయసది. ఆ వయసులో ఆయన ఒక ప్రయోగశాలను మొదటి ఇటుక నుంచి నిర్మించడానికి పూనుకొన్నారు.

1956లో కేంద్రక భౌతికశాస్త్రం ప్రత్యేక విభాగంగా రూపొందింది. జ్ఞానానంద దానికి అధిపతులయ్యారు. అదే సంవత్సరం అమెరికాలో రైన్స్, కోవన్ అనే శాస్త్రజ్ఞులు న్యూట్రినో ఉనికిని ప్రయోగపూర్వకంగా నిరూపించారు. బీటా కిరణాల చిక్కుముడి ఒకటి పూర్తిగా విడిపోయిన ఏడాదిలోనే, ఆ కిరణాలను కొలిచే విద్య తెలుగునేలపై స్థిరపడింది. విదేశాల నుంచి పరికరాలు తెప్పించుకోవడం దేశానికి ఎంతో భారంగా ఉన్న రోజులవి. అట్టి పరిస్థితులలో పరికరాన్ని కొనడం కంటే దాని నిర్మాణ రహస్యం తెలియడం ముఖ్యం. శూన్యాన్ని కల్పించడం దగ్గర నుంచి కణాన్ని లెక్కించడం వరకు అన్ని మెట్లూ స్వయంగా ఎక్కివచ్చిన ఆచార్యుడు లభించడం ఆనాటి విద్యార్థుల అదృష్టం.

బీటా, గామా కిరణాల వర్ణపట పరిశోధనలో ఆ విభాగం క్రమంగా గుర్తింపు సాధించింది. అంతకుముందు కేంద్రక పరిశోధన చేయగోరే తెలుగు యువకుడు కలకత్తాకో, బొంబాయికో, విదేశాలకో పోవలసి వచ్చేది. ఆ అవకాశం విశాఖపట్నంలోనే లభించింది. ఐరోపాలో ఒంటరిగా, ఎవరి అండా లేకుండా తాను నడిచిన ముళ్లబాటను తరువాతి తరానికి రహదారిగా మార్చడమే జ్ఞానానంద చేసిన గొప్ప సేవ. గ్రంథాలు రాసినవారిని లోకం కొంతకాలం స్మరిస్తుంది. విద్యాలయాన్ని నిలిపినవారు పేరు తెలియని వేలమందిలో జీవిస్తారు.

1965లో ఆయన పదవీ విరమణ చేశారు. 1969 సెప్టెంబరు 21న పరమపదించారు. ఆయన స్థాపించిన ప్రయోగశాలలకు విశ్వవిద్యాలయం స్వామి జ్ఞానానంద కేంద్రక పరిశోధన ప్రయోగశాలలు అని ఆయన పేరే పెట్టి గౌరవించింది.

ఆయన జీవితాన్ని పరిశీలించినవారికి ఒక ప్రశ్న కలుగుతుంది. యోగమార్గం సంతృప్తి ఇవ్వనందువల్ల ఆయన విజ్ఞానశాస్త్రం వైపు మళ్లారా? ఆయన నడవడి చూస్తే అట్లు తోచదు. సన్న్యాస నామాన్ని ఆయన ఎన్నడూ విడువలేదు. శాస్త్ర గ్రంథంపైన సైతం రచయితగా స్వామి జ్ఞానానంద అన్న పేరే ముద్రితమైంది. అయితే ఆ పేరు చూసి తన కొలతలను నమ్మమని ఆయన అడగలేదు. యోగానుభవానికి యోగమే ప్రమాణం, భౌతిక ప్రపంచానికి ప్రయోగమే ప్రమాణం. ఒకదానిని అడ్డుపెట్టుకొని మరొకదానిలో పరీక్ష తప్పించుకోకపోవడం ఆయన నిజాయితీకి నిదర్శనం. డాక్టరేట్ కోసం రెండు దేశాలలో రెండుసార్లు పరీక్షకు నిలబడిన సన్న్యాసి ఆయన.

సుకుబాలోని యంత్రంలో నేడు ఎలక్ట్రానులు, పాజిట్రానులు ఎదురెదురుగా దూసుకువచ్చి ఢీకొంటున్నాయి. అవి పరుగులు తీసే గొట్టాలలో గాలిని దాదాపు పూర్తిగా తొలగిస్తేనే ఆ ప్రయోగం సాధ్యం. దూరదేశంలో పుట్టిన ఆ సమాచారాన్ని కందిలో కూర్చొని విశ్లేషించే పరిశోధక విద్యార్థికి సౌకర్యాలు ఉన్నాయి, సహచరులు ఉన్నారు, ప్రపంచమంతటితో సంబంధం ఉంది. జ్ఞానానందకు అవేవీ ముందుగా అమరలేదు. అయినా అంతర్జాతీయ సదస్సులో తన ఫలితాన్ని వినిపించడానికి లేచి నిలబడే విద్యార్థికి కావలసిన గుణాలు మాత్రం మారలేదు. తెలియనిది తెలియదని ఒప్పుకొనే వినయం, ఏ వయసులోనైనా నేర్చుకొనే సంసిద్ధత, కొలత ముందు తన అభిప్రాయాన్ని వదులుకొనే ధైర్యం - ఇవే ఆ గుణాలు. గొరగనమూడి నుంచి హిమాలయాలకు, హిమాలయాల నుంచి ప్రాగ్, లివర్‌పూల్ నగరాలకు, అక్కడి నుంచి విశాఖ తీరానికి సాగిన స్వామి జ్ఞానానంద జీవనయాత్ర ఆ గుణాలకు చిరస్థాయిగా నిలిచే ఉదాహరణ.